వేపనూనె కొట్టిన చేయి

టమాటాకు ఆకుముడత తెగులు వస్తే ఆకులు అప్పడాల్లా ముడుచుకుపోతాయి. ఇక కాయన్నది కాయదు. ఆ తెగులును తట్టుకునే జన్యువును మొక్కలో పెట్టడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లలో జుట్టంతా రాలిపోయి తలకాయ ఒక్కటే మిగిలింది.

ఇక పరీక్ష. చుట్టూ సన్నటి వల కట్టిన నెట్‌హౌస్‌లో మా మొక్కల్నీ మామూలు మొక్కల్నీ పక్కపక్కనే పెట్టి, తెగులు మోసే తెల్లదోమల్ని వాటిమీద వదలాలి. మామూలువి ముడుచుకుపోయి మావి నిలబడితే గెలిచినట్టు. లేకపోతే ప్రాజెక్టు మూతే అని పైవాళ్లు ముందే చెప్పేశారు. లక్ష దోమల్ని, కాదు కోటి దోమల్ని వదిలి, రెండు వారాల శిక్షణకని ఢిల్లీ వెళ్లాను.

తిరిగొచ్చిన రోజు నేరేడ్‌మెట్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగాను. అది పచ్చగా మారేలోగా ఒక పంట కోతకొస్తుంది. ఎలాగో చేరి చూద్దును కదా, మా మొక్కలు నవనవలాడుతున్నాయి! గాల్లోకి ఎగిరాను. కిందికి దిగేలోపే కనిపించింది: మామూలువి కూడా నవనవలాడుతున్నాయి. దోమ ఒక్కటీ లేదు.

నెట్‌హౌస్ చూసుకునే చాచాను పిలిచాను.

"దోమలేవి చాచా?"

"నేనే సంపిన సార్," అన్నాడు గర్వంగా. "పిల్లల్లెక్క సాదిన మొక్కలాయె, దోమలు పీక్క తింటుంటే ఎట్ల సూడాలె? మీరు అటు పోంగనే యాపనూనె కొట్టిన."

"ఆ దోమల్ని వదిలింది నేనే చాచా!"

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఏందీ? పెంచేది మీరే, దోమలిడిసేది మీరేనా? ఇంట్ల మేడమ్‌కు ఎరుకేనా ఈ సంగతి?"

సంగతంతా విడమరిచి చెప్పాక కూలబడిపోయాడు. పైవాళ్ల కాళ్లావేళ్లా పడి ఇంకో నెల గడువు తెచ్చాను. ఈసారి తెగులు సోకిన మొక్కల మీద దోమల్ని చాచాయే కోడిపిల్లల్ని సాకినట్టు పెంచి, రెండు రకాల మొక్కల మీదా వదిలాడు.

నెల తిరిగేసరికి మామూలు మొక్కలన్నీ ముడుచుకుపోయాయి. మావి తలెత్తుకు నిలబడ్డాయి. నేను పెట్టిన కేకకు సైనిక్‌పురిలో రిటైరైన కర్నళ్లంతా యుద్ధమొచ్చిందని బూట్లు తొడుక్కునే ఉంటారు.

చాచా మాత్రం ముడుచుకుపోయిన వరుస దగ్గరే నిలబడ్డాడు.

"మనయి గెల్చినయ్, ఖుషీయే సార్. గానీ వీటికి సుత నేనే నీళ్లు పోసిన గద."

వెళ్లి ఆయన పక్కన తల వంచుకు నిలబడ్డాను. టమాటా నారుకు సంతాపం పాటించిన శాస్త్రవేత్త ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఫలితం ఏమైందని పైవాళ్ల ఫోన్ మోగుతూనే ఉంది. కాసేపాగి ఎత్తాను.