ఆఠీను రెండు

మండపేటలో మా పక్కింటి అత్తయ్యగారు పోయారని మొన్న పొద్దున్న కబురొచ్చింది. సామర్లకోటలో బస్సెక్కిన దగ్గర్నుంచీ నా వేళ్లు ఊరుకోలేదు, లేని పేకముక్కల్ని సర్దుతూనే ఉన్నాయి. కంగారొస్తే నాకంతే. అది ఆవిడ అంటించిన అలవాటే.

డెబ్భైల చివర్లో నేను ఇంటర్ లెక్కల్లో తప్పాను. "ఈసారీ పోయిందంటే చదువు చాలించు" అన్నారు నాన్నగారు. తవుడు వ్యాపారం ఆయనది, మాటంటే మాటే. నాకు అన్నం సయించేది కాదు. అన్నిటికంటే పేకముక్కల లెక్కలంటే భయం. మా ఇంట్లో పేక పేరెత్తితేనే తప్పు.

అత్తయ్యగారు చదివింది ఐదో తరగతి. భోజనాలయ్యాక పేక వెయ్యందే తోచదావిడకి. ఓ మధ్యాహ్నం నా లెక్కల గోడు విని, చాప పరిచి నాకు మూడు ముక్కలు పంచారు. తీసుకుని వరసగా సర్దుకున్నాను.

"ఇందులో ఏది ముందొచ్చిందో చెప్పవే."

"గుర్తు లేదండీ."

"ఎలా వచ్చినా చేతిలో ఉన్నవి ఆ మూడేగా. మరి ఆరు వరసలున్నాయని ఆరుసార్లు లెక్కేస్తావేంటి?"

ఆరుతో ఎందుకు భాగించాలో కాలేజీలో ఏడాదంతా బుర్రకెక్కలేదు, ఆ చాప మీద ఎక్కింది. "కంగారు పడితే ముక్క కనబడదే" అనేవారు. అంటూనే, వీధిలో నాన్నగారి చెప్పుల చప్పుడైతే పేకంతా బియ్యం డబ్బాలో దాచేసేవారు.

ఆ పేకలో ఆఠీను రెండు, అదే ఎర్ర హృదయాల రెండు, ఎప్పుడో పోయింది. మేం ఆఠీనుల్ని పదమూడుకి బదులు పన్నెండుగానే లెక్కేసుకునేవాళ్లం.

పరీక్షలో అడిగారు: మూడు ముక్కలూ ఒకే గుర్తువి అయ్యేలా ఎన్ని విధాలుగా తియ్యొచ్చు? వెయ్యి డెబ్భై ఎనిమిది అని రాసొచ్చాను. గేటు దగ్గర స్నేహితురాలు పదకొండు వందల నలభై నాలుగంది. అలవాటుకొద్దీ ఆఠీనుల్ని పన్నెండే వేశానని అప్పుడు తెలిసి తిన్నగా అత్తయ్యగారింటికి పరిగెత్తాను.

"నా పేకే నీ కొంప ముంచిందే" అన్నారు అత్తయ్యగారు. రిజల్ట్స్ వచ్చేదాకా ఆవిడ ఆట మానేశారు. రోజూ గోడమీంచి "పేపరొచ్చిందా?" అనేవారు. చివరికి నా నంబరు చూసి నాకంటే ముందు ఆవిడే ఏడ్చారు. ఆ ఒక్క లెక్కే పోయింది. ఇవాళ నేను లెక్కల టీచర్ని. కానీ మళ్లీ ఒక్కసారైనా ఆ చాప మీద కూర్చోలేదు. అదే నా బాధ.

మండపేట చేరాక అత్తయ్యగారి కోడలు బియ్యం డబ్బాలోంచి పేక తీసి నా చేతిలో పెట్టింది. ఆఠీనుల్ని సర్దాను. పదమూడున్నాయి. మళ్లీ లెక్కపెట్టాను, పదమూడే. ఒకటి మాత్రం శుభలేఖ అట్ట, దానిమీద పారాణితో వంకరగా గీసిన రెండు గుర్తులు.

"మీ పరీక్షయిన సాయంత్రం చేశారటండీ. ఇంకో పిల్ల లెక్క తప్పకూడదని" అంది కోడలు.

బొటనవేలు ఆనేచోట పారాణి అరిగిపోయి, అట్ట తెల్లబడి ఉంది.