పత్తిచేలో గంటన్నర

నందికొట్కూరు దగ్గర విత్తన పత్తి చేలలో పనిచేసే ఆడవాళ్ళకు రోజులో సొంతమని చెప్పుకోవడానికి గంటన్నర ఉంటుంది. అంతకు మించి ఉందని ఎవరైనా అంటే నేను నమ్మను. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా, రేపు విచ్చుకోబోయే మొగ్గలు వెతికి, గోటితో రేకులూ పుప్పొడీ గీకేసి, లోపలి కాడ ఒక్కటి మిగల్చాలి. మర్నాడు పొద్దున మగపూలు కోసుకొచ్చి ఆ కాడకు రుద్దాలి. ఎండ ముదరకముందే రుద్దకపోతే కాయ నిలవదు, రాలిపోతుంది. పొద్దుటి పనికీ మధ్యాహ్నం పనికీ నడుమ సద్దిమూట విప్పి తిని, వేపచెట్టు కింద నడుం వాల్చే గంటన్నర. ఇంటికి పోతే నీళ్ళు, పొయ్యి, బర్రె. నేను చదువంటూ నేర్చుకుంటే ఆ గంటన్నరలోనే నేర్చుకోవాలి.

నాకప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. అక్షరాలు మొదలుపెట్టి ఏడాది దాటింది. నేర్పింది నా కోడలు. ఇంటరు దాకా చదివి, నాతోపాటే అదే చేలో పనికి వచ్చేది. ఎందుకు నేర్చుకున్నానో దాచుకోను. మా చర్చిలో కోత పండుగనాడు ఆడవాళ్ళలో ఒకరు మెట్టెక్కి అందరి ముందర వాక్యపాఠం చదువుతారు. ముప్పై ఏళ్ళు ఆ పండుగకు వంట వండాను, చాపలు పరిచాను, కానుకగా వచ్చి వేలంపాటకు పెట్టే గుమ్మడికాయలు మోశాను. మెట్టు మాత్రం ఎక్కలేదు. ఆ ఏడు పాస్టరు అయ్యగారిని నేనే అడిగాను. ఆయన బైబిలు తీసి, చిన్నప్పటి నుంచి మా అందరి చెవుల్లో ఉన్న ఒక కీర్తన చూపించి, అది చదవమన్నాడు.

వారం తిరిగేలోపల గడగడ చదివేశాను. చెట్టుకింద పడుకున్న ఆడవాళ్ళు కళ్ళు మూసుకునే మెచ్చుకున్నారు. కోడలు మెచ్చుకోలేదు. ఆమె నా నోటిని కాదు, వేలిని చూస్తూ కూర్చుంది. నోరు నాలుగో వచనంలో ఉంటే వేలు రెండో వచనం మీద ఉంది.

"అత్తా, నువ్వు చదవడం ల్యాదు. అప్పజెప్తాండావు."

నాకు ఒళ్ళు మండింది. ఆమె పుస్తకం నడిమధ్యకు తెరిచి నా ముందర పెట్టింది. నేనెప్పుడూ వినని సంగతి అది. రెండు వరుసలు కూడబలుక్కున్నాను. మూడో వరుసలో ఆగిపోయాను. ఏడాదిగా నేర్చుకున్నాననుకున్న దాంట్లో సగం చెవిదే తప్ప కళ్ళది కాదు. మాలాంటివాళ్ళు చేసే తప్పే ఇది. ఏళ్ళ తరబడి వింటూ బతికినవాళ్ళకు చదువు రాకముందే వచ్చినట్టు ఉంటుంది.

పండుగకు పద్దెనిమిది రోజులు ఉన్నాయి. నోటికి వచ్చింది చెప్పి దిగొచ్చినా చర్చిలో ఎవరూ కనిపెట్టరు. కోడలికి తెలుస్తుంది, నాకు తెలుస్తుంది. ఆ సాయంత్రం పని దిగి నేరుగా అయ్యగారి ఇంటికి పోయాను.

"నాకు నోటికి రానిది ఇయ్యండి అయ్యగారూ."

"అందరి ముందర తడబడితే బాగుండదమ్మా. వచ్చింది చదువు."

"వచ్చింది చెప్పేదానికి పుస్తకమెందుకు?"

ఆయన పాతకాలపు రాజుల సంగతి ఉన్న పాఠం ఒకటి చూపించాడు. పన్నెండు వచనాలు.

ఇక ఆ గంటన్నర ఎవరిదో తేల్చుకోవలసి వచ్చింది. ఆలోచిస్తే అది ఏనాడూ నాది కాదు. ఒకామె తలలో పేలు చూడమంటుంది. ఇంకొకామె మొగుడి సంగతి చెప్పుకుని ఏడుస్తుంది. పొదుపు గుంపులో మాటా మాటా వస్తే తీర్చాల్సింది నేను, పండుగ వంటకు ఎవరేం తేవాలో చెప్పాల్సిందీ నేనే. అందరికంటే ఎక్కువ మా ఆడబిడ్డ. ముప్పై ఏళ్ళుగా పక్క సాళ్ళలోనే పని, చెట్టుకింద పక్కనే పడక. మాట్లాడితే గానీ ఆమెకు అన్నం అరగదు. వంట పెత్తనం వదిలేశాను. గుంపు తగువులకు ఇంకొకరిని చూసుకోమన్నాను. ఆడబిడ్డతో, పండుగ అయ్యేదాకా ఈ గంటన్నర నాతో మాట్లాడొద్దన్నాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

"ఏం వదినా, ఈ వయసులో కలెక్టరయితావా?"

"కాను. నువ్వు నోరు మూసుకోని పండుకో."

ఆమె సద్దిమూట తీసుకుని గట్టు అవతలి చెట్టు కిందికి పోయింది. ఆ తర్వాత నావైపు చూడలేదు. కోడలు మాత్రం రోజూ నిద్ర ఆపుకుంటూ నా పక్కన కూర్చునేది. ఆమెకూ ఉన్నది ఆ గంటన్నరే. దాన్ని నేను తింటున్నానని అప్పుడు తోచలేదు.

పత్తి పని ఉన్నన్నాళ్ళూ మా చర్చిలో ఆదివారం ఆరాధన పొద్దు పొడవకముందే ముగిస్తారు. కోత పండుగ మాత్రం పదింటికే మొదలవుతుంది. శనివారం రైతు గట్టు మీద నిలబడి, పూలు రుద్దడం అయ్యేదాకా రేపు ఎవరూ చేను విడిచి పోవడానికి లేదన్నాడు.

"పండగ మీకు గానీ, పువ్వుకు ఆదివారం తెలుస్తాదా?"

ఆయన మాటలో అబద్ధం లేదు. మిగతావాళ్ళు పని ముగించి విందు వేళకు పోతే చాలు. పాఠం చదివేది మొదట్లోనే, నేను పదింటికి అక్కడ ఉండాలి. నా సాళ్ళు రుద్దేవాళ్ళు కావాలి. కోడలికి ఆమె సాళ్ళే సరిపోతాయి. సిగ్గు విడిచి ఆడబిడ్డను అడిగాను.

"మాట్లాడొద్దంటివి కదా," అని ఆమె మొగ్గ గిల్లుకుంటూ ముందుకు పోయింది. రుద్దుతుందో లేదో చెప్పలేదు.

ఆదివారం చేతనైనంత రుద్ది, రెండు సాళ్ళు మిగిలుండగానే చేతులు కడుక్కుని బయల్దేరాను. వెనక్కి చూస్తే ఆగిపోతానని చూడలేదు.

మెట్టెక్కి పుస్తకం తెరిచాను. వేలు పెట్టి ఆరు వచనాలు దాటాను. ఏడో వచనంలో ఒక రాజు పేరు. చెట్టుకింద పదిసార్లు చదివిందే, అక్కడ కొత్తగా కనిపించింది. ఆగిపోయాను. ముందు వరుసలో చిన్నగా గుసగుస మొదలైంది. అయ్యగారు తల వంచుకున్నాడు. మగవాళ్ళ వైపు నుంచి సంఘపెద్ద ఒకాయన జాలిపడి ఆ పేరు అందించబోయాడు.

"చెప్పొద్దు," అన్నాను.

మైకులో ఆ మాట బయట పొయ్యిల దగ్గరున్నవాళ్ళ దాకా పోయింది. నేను మొదటి అక్షరం దగ్గరకు వెనక్కి పోయి, ఒక్కొక్కటే పలికి, వాటిని కలిపాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. పేరు వచ్చింది. మిగిలిన అయిదు వచనాలు ఎవరి మొహమూ చూడకుండా చదివి దిగాను.

విందుకు ఆగలేదు. చేనికి పోయేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. నా రెండు సాళ్ళలో ఒకటి రుద్ది ఉంది. రెండోదాంట్లో కాడలన్నీ వాడిపోయాయి. ఆడబిడ్డ అక్కడే గట్టు మీద కూర్చుని చెంగుతో మొహం తుడుచుకుంటోంది.

"ఒగటి నేను రుద్దినా. రెండోది నువ్వే పోగొట్టుకుంటివి వదినా," అంది.

అవునన్నాను. రైతుకు నేనే చెప్పుకుంటానన్నాను.

"ఇంతకీ ఏం చదివితివి?"

"ఎవురో రాజుల కత."

"మనకెందుకది?"

"నాకూ తెలీదు," అన్నాను. "చదివితినంతే."