మేడ్చల్ స్టేషన్‌లో దిగిన పిల్ల

దేశం రెండు ముక్కలైన ఏడాది, బేరార్ నుంచి భయంతో నిజాం రాజ్యం సరిహద్దు దాటి వచ్చిన జనంలో ఐదేళ్ల పిల్ల ఒకతి మేడ్చల్ స్టేషన్‌లో ఒంటరిగా దిగింది. శామీర్‌పేటలో సేద్యం చేసుకునే ముస్లిం దంపతులు ఆమెను సాకారు. బడిలో పాఠాలు చెప్పే నేను, అలా తప్పిపోయి వచ్చిన పిల్లల బంధువుల కోసం సెలవుల్లో వెతికేదాన్ని.

కొన్ని నెలలకు ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఆ పిల్లకు చాచానని, తండ్రి తమ్ముణ్ణని చెప్పాడు. మోచేతి మీద కాలిన మచ్చ ఉండాలన్నాడు. మచ్చ ఉంది. పిల్ల మాత్రం అతన్ని చూసి నీళ్ల గాబు వెనక దాక్కుంది. తల్లిదండ్రుల గురించి నేను అడిగితే, గొడవల్లో ఇద్దరూ పోయారన్నాడు.

సాకిన తల్లి నా చెయ్యి పట్టుకుంది. "పంతులమ్మా, మచ్చ జూసి పిల్లనెట్ల ఇస్తం? ఇయ్యకుంటే ఆయన రక్తమాయె. నాకేం సమజైతలేదు."

చివరికి అతన్ని కొన్నాళ్లు ఇక్కడే ఉండమన్నాను. అతను వాళ్ల చేలోనే పనికి కుదిరాడు. రోజూ రేగుపండ్లు తెచ్చి గడప మీద పెట్టి, దూరంగా కూర్చునేవాడు. జొన్నకోతలు అయ్యేసరికి పిల్ల అతని భుజాలెక్కి తిరుగుతోంది.

ఆ తర్వాత నాందేడ్‌లో ఉన్న తమవాళ్ల దగ్గరికి చాచా, పిల్ల రైలెక్కారు. కిటికీలోంచి పిల్ల చెయ్యి ఊపింది.

"నవ్వుకుంట వోయింది" అంది సాకిన తల్లి. "సంబురపడాల్నా, ఏడ్వాల్నా పంతులమ్మా?"

రైలు కనుమరుగయ్యేదాకా ఆమె పక్కనే నిలబడ్డాను.