ఏ పక్క పన్ను

ఆర్.కె. పురంలో పళ్ల డాక్టరు సుభద్ర దగ్గర నోరు తెరిచే ముందు చెయ్యి ఎత్తాలి. కుడి పన్ను నొప్పయితే కుడి చెయ్యి. మూడేళ్ల మా చైతు రెండూ ఎత్తేస్తాడు. వాడి పాలపళ్లను రోజూ టార్చి వేసి చూసుకుని కంగారుపడే నేను, ఈ అలవాటెందుకని ఒకసారి అడిగాను. కిటికీ అవతల పొగమంచు. ఆవిడ కల చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది.

కిందటి చలికాలం, పక్క సెక్టారు క్వార్టర్సులో ఉండే పద్మనాభంగారు పొద్దున నడకకు వెళ్లి తిరిగి రాలేదు. నెల తర్వాత యమునలో ఒక శవం దొరికింది. ముఖం ఆనవాలు పట్టేలా లేదు, పళ్లున్నాయి. పోలీసులు సుభద్ర దగ్గరున్న ఆయన పళ్ల వైద్యం పాత కార్డు తెప్పించుకున్నారు. కార్డులో ఫిల్లింగ్ కింది ఎడమ దవడ పన్నుకి; శవానికి కుడివైపు. ఆయన కాదని తేల్చి, భార్య సరోజినిగారికి చెప్పేశారు.

కార్డు తిరిగొచ్చాక సుభద్రకు మనసు నిలవలేదు. రోగికి ఎదురుగా నిలబడితే అతని కుడి మనకు ఎడమవైపు ఉంటుంది. కార్డు మీద బొమ్మా అలాగే. కానీ మెడనొప్పని ఆయన కుర్చీ బాగా వాల్చుకున్న రోజు, తను తల వెనక కూర్చుని పనిచేసింది. అక్కణ్ణించి ఆయన కుడి తనకూ కుడే. కంటికి కనిపించిన పక్కే గీసేసింది.

పాత ఎక్స్‌రే వెతికి వెలుగుకి ఎత్తింది. మబ్బులో చంద్రుడి ముక్కలా పన్ను. ఫిల్మును ఏ వైపు నుంచి చూడాలో తెలిపే మూలనున్న బుడిపె అది కుడి పన్నని చెబుతోంది.

"మేడమ్, కొత్త కార్డు రాసేద్దాం. కౌన్ దేఖేగా, ఎవరు చూస్తారు?" అంది సహాయకురాలు నేహా.

"రేపు అది దొంగ కార్డని తేలితే ఈ ఎక్స్‌రేనీ నమ్మరే. సరోజినిగారు ఎన్నాళ్లు ఎదురుచూస్తారు?"

సుభద్ర పాత గీత చెరపలేదు. కింద 'పక్క తప్పుగా రాశాను' అని రాసి, దిద్దిన రోజు తేదీ వేసి సంతకం పెట్టింది. ఫిల్ముతో సహా స్టేషనులో ఇచ్చి వచ్చింది. ఎక్స్‌రేలోని పన్ను వేర్ల వంపులూ శవం పన్ను వేర్ల వంపులూ ఒకటేనని తేలింది.

పోలీసులు సరోజినిగారికి కబురు చెప్పాక, తనూ ఆ ఇంటికి వెళ్లింది.

"పదకొండు రోజుల ఆలస్యం నా వల్లేనండీ. కార్డులో పక్క తప్పు రాశాను."

సరోజినిగారు కూర్చోమని పక్కకు జరిగారు.

"ఆయన కాదన్నారుగా డాక్టరుగారూ, ఆ పదకొండు రోజులూ ఇద్దరికీ ఎసట్లో బియ్యం పోశాను," అన్నారు. "పోస్తుంటే బాగానే ఉండేది."

సుభద్ర ఆవిడ పక్కన కూర్చుండిపోయింది.