ఇవ్వడమే తెలిసిన రక్తం

మా ఆస్పత్రిలో లిఫ్టు ఆగిపోతే అందరిదీ ఒకటే మాట: "పైనున్నాయన్ని పిలవండి." కొత్తగా చేరిన నర్సమ్మ ఒకతె అది విని నిజంగానే చేతులు జోడించింది. మేమన్నది దేవుణ్ణి కాదు, లిఫ్టు మెకానిక్‌ని. ఆయన పనంతా డాబా మీది మోటారు గదిలోనే కనుక ఆ పేరు పడిపోయింది. చేతులనిండా గ్రీజు, మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన నీలం ప్యాంటు. మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయన్నంత పొదుపు.

నేను కింది అంతస్తులో బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్‌ని. మమ్మల్ని వెనకాల దోమలంటారని తెలుసు. దోమ కుట్టి వెళ్ళిపోతుంది, మేం కుట్టి బిస్కెట్లు పెడతాం, అదే తేడా. పైనున్నాయన మా దగ్గరికి రక్తమివ్వడానికి వచ్చేవాడు. ఎవరూ పిలవక్కర్లేదు. మళ్ళీ ఇవ్వొచ్చన్న రోజు వచ్చిందంటే చాలు, దిగివచ్చి, చొక్కా చెయ్యి మడిచి, బల్ల మీద పడుకునేవాడు. ఇచ్చాక కాసేపు కూర్చుని, బిస్కెట్లు తిని, పళ్ళరసం తాగి వెళ్ళాలని మా దగ్గర నియమం. ఈయన మాత్రం దూది పెట్టించుకుని లేచి పోయేవాడు.

"తినండన్నయ్యా, మా తాతగారి సొమ్మేం కాదు" అనేదాన్ని.

"అలవాటు లేదు మేడమ్."

బిస్కెట్టు తినే అలవాటు లేని మనిషి ఉంటాడా? నాకు ఒళ్ళు మండేది. ఆస్పత్రిలో ఎవరింట మిక్సీ చెడినా, ఎవరి తలుపు గొళ్ళెం బిగుసుకున్నా ఆయనే వెళ్ళి బాగుచేసేవాడు. చేసిన చోట కప్పు టీ పుచ్చుకున్న పాపాన పోలేదు. అందరూ "ఎంత మంచివాడో" అనేవారు. అని, ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయేవారు. అలాంటివాడితో ఏ చుట్టరికం కలుపుకుంటాం చెప్పండి? మనం ఇచ్చింది ఒక్కటైనా ఎదుటివాడి చేతిలో ఉంటేనే కదా, మళ్ళీ వాళ్ళింటి గడప తొక్కడానికి మనకు మొహం ఉండేది.

లిఫ్టు పని ఒక్కడు చేసేది కాదు. ఒకడు లిఫ్టు పెట్టె కప్పు మీద నిలబడాలి, ఇంకొకడు మోటారు దగ్గర ఉండాలి. కదిపే ముందు ఒకడు "కిందికి" అని అరుస్తాడు, రెండోవాడు "కిందికి" అని తిరిగి చెప్తాడు, అప్పుడే కదపాలి. ప్రాణాలకు సంబంధించిన పద్ధతి అది. ఈయన మాత్రం రెండోవాణ్ణి "నువ్వింటికి పో, నేను చూసుకుంటా" అని పంపేసేవాడు. ఆ రెండోవాడే నాకు నవ్వుతూ చెప్పాడు: ఒక్కడే పని చేసుకుంటూ కూడా "కిందికి" అని ఒకసారి, కాస్త ఆగి మళ్ళీ "కిందికి" అని ఒకసారి అనుకుంటాడట. అరిచేవాడూ తనే, బదులిచ్చేవాడూ తనే. నాకు నవ్వు రాలేదు.

ఒక మధ్యాహ్నం ఆ మోటారు గది ఇనుప నిచ్చెన మీంచి జారిపడ్డాడు. తుంటి దగ్గర తొడ ఎముక విరిగింది. ఎంతసేపు అక్కడ పడి ఉన్నాడో తెలియదు. లిఫ్టు ఎందుకు రాదంటూ తిట్టుకుంటూ మెట్లెక్కిన వాళ్ళెవరో చూస్తే బయటపడింది. కేకెందుకు వెయ్యలేదంటే, "ఎందుకులే అందరికీ ఇబ్బంది" అన్నాడట.

బట్టలు తేవడానికి ఆయన గదికి నేనే వెళ్ళాను. బజారు వెనక సందులో, మేడ మీద ఒక్క గది. పనిముట్లు గోడకు వరసగా వేలాడుతున్నాయి, ఒకదానికీ తుప్పు లేదు. ఒక మంచం, ఒక పళ్ళెం, ఒక గ్లాసు, ఒక కుర్చీ. ఎవరైనా వస్తే కూర్చోవడానికి రెండో కుర్చీ లేదు. నాకూ ఇంట్లో ఎవరూ లేరు, కానీ నా దగ్గర కుర్చీలున్నాయి. ఆ మంచం అంచున కూర్చుని కాసేపు ఏడ్చి, చొక్కాలు మడిచి సంచీలో పెట్టుకొచ్చాను.

తుంటి కీలు మార్చాలని, రక్తం సిద్ధం చెయ్యమని డాక్టరుగారు కబురు పంపారు. అదెంత పనిలే అనుకున్నాను. మా దగ్గర ఆయనది 'ఓ' గ్రూపుగా నమోదై ఉంది, ఫ్రిజ్‌లో 'ఓ' గ్రూపు రక్తం ఉంది. ఎక్కించే ముందు ఆయన రక్తంలోని పలచటి ద్రవాన్ని, ఎక్కించబోయే బ్యాగులోని ఎర్రకణాలతో కలిపి చూడాలి. కలిపాను. పాలు విరిగినట్టు ముద్దలు ముద్దలుగా విడిపోయింది. నా చెయ్యే తప్పిందనుకుని ఇంకో బ్యాగు తీశాను, తర్వాత ఇంకొకటి. ఉన్న 'ఓ' గ్రూపు బ్యాగులన్నీ అంతే.

ఇక్కడ కాస్త పాత కథ చెప్పాలి. వందేళ్ళకు పైగా అయింది, ఒక పరిశోధకుడు తన ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళ రక్తాలు తీసి, ఒకరిది ఒకరితో కలిపి చూశాడు. కొన్ని కలిశాయి, కొన్ని విరిగాయి. ఆరోగ్యంగా ఉన్న ఇద్దరి రక్తాలు ఒకదానికొకటి పడకపోవడం జబ్బు కాదు, పుట్టుకేనని అలా తేలింది. మన ఎర్రకణాల మీద చక్కెరలతో అల్లిన కొక్కేల్లాంటివి ఉంటాయి. అందరికీ ముందు హెచ్ అనే కొక్కెం ఉంటుంది. దానికి ఒక రకం చక్కెర తగిలితే ఏ గ్రూపు, ఇంకో రకం తగిలితే బీ, రెండూ తగిలితే ఏబీ. ఏదీ తగలకుండా ఉత్త కొక్కెం మిగిలితే ఓ. ఎక్కడో వేలల్లో ఒకరికి, కొన్ని దేశాల్లో లక్షల్లో ఒకరికి, ఆ కొక్కెమే ఉండదు.

మామూలు పరీక్షలో మేం వెతికేది ఏ, బీలనే. రెండూ లేకపోతే ఓ అని రాసుకుంటాం. ఆ మనిషి రక్తంలోని ద్రవాన్ని ఓ గ్రూపు కణాలతో కూడా ఒక చుక్క కలిపి చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. ఎన్నిసార్లు చూసినా తేడా రాదని చిన్న బ్లడ్ బ్యాంకుల్లో ఆ చుక్క మానేస్తారు. మాదీ చిన్నదే. పెద్ద ల్యాబుకు పంపితే వాళ్ళు ఒక ముళ్ళపొద గింజల సారం వేసి చూశారు. హెచ్ ఉన్న కణాలను ఆ సారం పట్టి ముద్ద చేస్తుంది. ఈయన కణాలను వేలేసి కూడా ముట్టుకోలేదు.

ఒంటికి తన దగ్గర లేనిదల్లా పరాయిదే. హెచ్ లేని ఒళ్ళు హెచ్‌ని శత్రువనుకుని విరుచుకుపడుతుంది. దాదాపు లోకంలో అందరి కణాల మీదా అది ఉంది. అంటే ఆయన ఎర్రకణాలను ఏ, బీ, ఓ ఎవరికైనా ఇవ్వొచ్చు. ఆయనకు ఎక్కించాలంటే మాత్రం అచ్చం ఆయనలాంటి మనిషే కావాలి. ఓ గ్రూపు రక్తం ఎక్కిస్తే ప్రాణం పోతుంది.

మంచం పక్కన నిలబడి ఇదంతా చెప్పాను. కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. అంతా విని, ఆయన నాకు తెలిసినంతలో మొదటిసారి నవ్వాడు.

"అయితే నేను సరిగ్గానే బతుకుతున్నానన్నమాట. నా రక్తమే నాకు పెట్టండి మేడమ్."

"ఏం పెట్టను, నా తలకాయ? ఇచ్చి ఇచ్చి ఒంట్లో ఇనుమంతా ఖాళీ చేశారు. పైగా విరిగిన చోట లోపలే బోలెడు కారిపోయింది. మీకే చాలనిది మీ దగ్గర ఏం తియ్యమంటారు?"

ఇలాంటి రక్తం ఉన్నవాళ్ళ వివరాలు దాచేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళిచ్చిన నంబర్లకు ఫోన్లు చేశాను. ఒకాయన ఈమధ్యే ఇచ్చాడు. ఒకావిడ నిండు గర్భిణి. ఒకాయన జ్వరంతో ఉన్నాడు. ఇక మిగిలింది తోడబుట్టినవాళ్ళు. ఆ కొక్కెం అల్లే శక్తి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెండూ పనిచెయ్యనివి వచ్చినవాళ్ళకే ఇలా అవుతుంది. కనుక ఒకే కడుపున పుట్టినవాళ్ళలో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం. ముక్కూమొహం తెలియనివాళ్ళలో వెతకడం కంటే అది వెయ్యిరెట్లు నయం.

"తోడబుట్టినవాళ్ళు ఉన్నారా అన్నయ్యా?"

"అక్క ఉంది" అన్నాడు. "ఆవిణ్ణి అడగద్దు."

"ఎందుకని?"

"ఏ మొహం పెట్టుకుని అడగమంటారు? ఆవిడకు నేనేం చేశానని?"

నాకు కోపమొచ్చేసింది. "అడక్కపోతే కీలు మార్చరు. కీలు మార్చకపోతే మీరు లేవరు. మంచం మీద పడి ఉంటే మంచినీళ్ళు కూడా ఇంకొకరే అందించాలి. అప్పుడు పుచ్చుకోక ఏం చేస్తారు?" అన్నాను. రోగితో అనాల్సిన మాట కాదు. ఆయన మొహం గోడవైపు తిప్పుకుని, గోడకే చెప్తున్నట్టు నంబరు చెప్పాడు.

అక్కగారు ఆ సాయంత్రమే వచ్చింది. బొద్దుగా, తెల్లజుట్టుతో, ఆయాసపడుతూ. పిల్లల బట్టలు కుడుతుందట. భుజం దగ్గర గుడ్డకు గుచ్చుకున్న గుండుసూదులు తియ్యడం కూడా మరిచిపోయి వచ్చేసింది. తమ్ముడి మంచం దగ్గర నిలబడి, కాలికేసి చూసి, "బాగా నొప్పిగా ఉందా?" అంది. లేదన్నట్టు తలూపాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ ఇద్దరి మధ్యా నడిచిన మొదటి మాటలు అవే.

నేనే అందుకున్నాను. "మీది కలుస్తుందో లేదో పరీక్ష చెయ్యాలమ్మా. నాలుగింట ఒక వంతే..."

"లెక్కలెందుకమ్మా" అందావిడ. "నాదీ అదే."

ఆయన తల ఇటు తిప్పాడు. "నీకెలా తెలుసు?"

"పాప పుట్టినప్పుడు తెలిసింది. రక్తం చాలా పోయింది. ఏ రక్తమూ నాకు పడలేదు. చివరికి ఎక్కించనే లేదు. ఎలాగో బతికాను, అంతే. నెలల తరబడి లేవలేకపోయాను. పక్కింటావిడే పాపను ఎత్తుకు పెంచింది. అది ఆవిణ్ణే అమ్మా అనేది."

"నేను ఈ ఊళ్ళోనే ఉన్నానుగా!" అన్నాడు. ఆయన గొంతు అంత పెద్దగా పలకడం నేనెప్పుడూ వినలేదు. "తోడబుట్టినవాళ్ళున్నారా అని వాళ్ళు అడగలేదా?"

"అడిగారు. లేరని చెప్పాను."

వార్డులో పక్క మంచాలవాళ్ళు కూడా ఇటే చూస్తున్నారు. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

"కబురంపితే వచ్చేవాడివిరా, నాకు తెలియదా? పరిగెత్తుకొచ్చేవాడివి. ఇచ్చేసి, నా ఇంట మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయేవాడివి. నీ రక్తం ఒంట్లో పెట్టుకుని, నీ మొహం చూసే దారి లేక, అలా బతకడం నావల్ల కాదనుకున్నాను. చస్తే చద్దామనుకున్నాను."

 

అసలేం జరిగిందో ఆవిడే చెప్పింది, మా బల్ల మీద పడుకుని. సూది గుచ్చితే చాలామంది మాట్లాడతారు. తల్లి పోతే తమ్ముణ్ణి తనే పెంచింది. పెళ్ళయ్యాక కూడా తన దగ్గరే ఉంచుకుంది. అతను లిఫ్టు పనిలో చేరిన కొత్తలో, భోజనాల దగ్గర బావగారు సరదాకి "మా బావమరిది చెయ్యి లిఫ్టు కంటే వేగం, కిందికీ పైకీ ఆగదు" అన్నాడట. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. అతను తింటున్న పళ్ళెం ముందు నుంచి లేచాడు, అంతే. వేరే గది తీసుకున్నాడు. అక్క డబ్బా కట్టి తీసుకువెళితే మూత తియ్యకుండానే తిప్పి పంపాడు. "నాకెవరి రుణమూ వద్దు" అన్నాడు. కొన్నాళ్ళు తిరిగి తిరిగి ఆవిడ విసిగిపోయింది.

"మాటన్న ఆయన పోయి కూడా ఎన్నేళ్ళో అయింది" అందావిడ. "వీడింకా ఆ పళ్ళెం దగ్గర్నుంచి లేస్తూనే ఉన్నాడు."

పరీక్షలో ఆవిడ చెప్పిందే తేలింది. ఆవిడ దగ్గర ఒక బ్యాగు తీశాం. ఈలోగా జ్వరం తగ్గి కుదుటపడిన ఆ మూడో ఆయన ఇంకొకటి ఇచ్చాడు. ఆపరేషను బాగానే జరిగింది. కుట్టాల్సిన బట్టలున్నాయని ఆవిడ ఇంటికి వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తాననలేదు, నేనూ అడగలేదు.

ఆయన్ని వార్డుకు మార్చాక చూడ్డానికి వెళ్ళాను. కర్ర పట్టుకుని నాలుగడుగులు వెయ్యడం మొదలుపెట్టాడు. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "అక్కకు నేను తిరిగి ఎప్పుడు ఇవ్వొచ్చు మేడమ్?"

"ఆవిడకిప్పుడు మీ రక్తంతో పని లేదు" అన్నాను కటువుగా. "అది బాకీ కాదు."

తల వంచుకుని చేతులవైపు చూసుకున్నాడు. గోళ్ళలో గ్రీజు నర్సులు ఎంత కడిగినా పోలేదు. "మరి నేనేం చెయ్యాలి?" అన్నాడు. నిజంగా తెలియకే అడిగాడు. ఆ వయసు మనిషి అంత తెలియనితనంతో అడగ్గా నేనింకెక్కడా చూడలేదు. ఫోను తీసి, నంబరు నొక్కి, ఆయన చేతిలో పెట్టాను.

అవతల ఫోనెత్తారు. కుట్టుమిషను చప్పుడు నాకూ వినిపిస్తోంది.

"ఏంట్రా? ఏమైనా కావాలా?"

ఏమీ వద్దనేస్తాడనుకున్నాను. నోటిదాకా వచ్చే ఉంటుంది, పెదవులు కదిలాయి కూడా. మింగేశాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఆకలేస్తోందక్కా" అన్నాడు.