లోపలికి వెళ్ళే ముందు చేతులు

ఒంగోలులో డాక్టరమ్మ నవ్వింది. అది నేను మర్చిపోలేదు.

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రెండోసారి వచ్చి, చలిజ్వరంతో, నడుం పక్కన గునపం దింపినట్టున్న నొప్పితో ఆవిడ ముందు కూర్చున్నాను. పన్నెండేళ్ళుగా బయటి మరుగుదొడ్డి గడప తొక్కకుండా ఎంత జాగ్రత్తగా ఉన్నానో వివరంగా చెప్పాను. బస్టాండులో కాదు, పెళ్ళి మండపంలో కాదు, చుట్టాల ఇంట్లో కూడా కాదు. అయినా ఆ క్రిములు నన్నెలా పట్టుకున్నాయో చెప్పమన్నాను. ఆవిడ నవ్వి, "దొడ్లోంచి రాలేదమ్మా ఇది. మీరు నీళ్ళు తాగకుండా, వచ్చింది ఆపుకోబట్టి వచ్చింది" అంది.

ఇది అప్పటికే కిడ్నీ దాకా పాకిందట. ఇంకోసారి వస్తే ఆసుపత్రిలో చేరాల్సిందేనట. దెబ్బతిన్న కిడ్నీ మళ్ళీ మామూలు కాదట. దాహం ఉన్నా లేకపోయినా నీళ్ళు తాగాలి, మూడు గంటలకొకసారి వెళ్ళి రావాలి, ప్రయాణంలో ఉన్నా సరే.

ప్రయాణంలో ఉన్నా సరే అనడం ఎంత తేలిక! ఆవిడ గదికి ఆనుకుని తెల్లటి పలకలు పరిచిన బాత్రూం ఉంది. బయటికి వచ్చి నర్సునడిగితే అది స్టాఫుకని, రోగులకు కింద ఉందని చెప్పింది. కిందకు వెళ్తే తాళం వేసి ఉంది. మూడు గంటలకొకసారి వెళ్ళమన్న చోటే తాళం. ఊరు చేరేదాకా ఆపుకునే వచ్చాను.

మాది దర్శి దగ్గర పల్లె. మిరప వేస్తాం, కొంత ప్రత్తి. మా ఆయన పొలంలో గట్టివాడు, బేరంలో మెత్తనివాడు. ఎవరేం ధర చెబితే దానికి తలూపి వస్తాడు. అందుకని పంట అమ్మే పని ఏనాడో నా చేతికి వచ్చింది. కాయలు ఎండాక బస్తాలకెత్తి గుంటూరు పొలిమేరలో ఒక కోల్డ్ స్టోరేజీలో పెడతాం. ధర కదిలిందని కబురు రాగానే నేను బస్సెక్కాలి. అక్కడ బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి గుప్పెడు కాయలు తీసి వ్యాపారికి చూపించాలి. పైకాయ ఒక్కటే చూపిస్తే ఎవరూ నమ్మరు.

పోనూ రానూ ఏడెనిమిది గంటల ప్రయాణం. మా వైపు ఆడవాళ్ళకు దీనికొక పద్ధతి ఉంది. తెల్లవారితే ప్రయాణమనగా ముందు రాత్రినుంచే నీళ్ళు మానేస్తారు. మా అమ్మ అంతే, మా అత్తగారు అంతే. నోరు ఎండితే చింతపండు ముక్క చప్పరిస్తారు, చెంబు మాత్రం ముట్టరు. నేనూ అదే చేశాను, పైగా దాన్ని శుభ్రం అనుకున్నాను.

డాక్టరమ్మ మాట తర్వాత తప్పక వెళ్ళడం మొదలుపెట్టాను. దారిలో ఒక బస్టాండు మరుగుదొడ్డి గురించి చెబుతాను. తలుపు చెప్పు కాలితో తోసేదాన్ని. గొళ్ళెం పాత పేపరు ముక్కతో పట్టుకునేదాన్ని. సంచి తగిలించడానికి మేకు ఉండదు, మెడలో వేసుకునేదాన్ని. కుచ్చిళ్ళు ఒక చేత్తో, కొంగు పళ్ళతో, ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా రెండో చేత్తో. ఊపిరి బిగబట్టడం వేరే. నేల తడిగా ఉంటే అది నీళ్ళో కాదో తెలియదు. బయటికి రాగానే శానిటైజరు రాసుకుని, చెప్పుల అడుగులు ఇసుకలో రుద్దేదాన్ని. ఒకసారి నాతో వచ్చిన మా తోటికోడలు ఇదంతా చూసి, "దొడ్డికి పోయొచ్చావా, పీనుగును మోసొచ్చావా అక్కా?" అంది. బస్సులో అందరూ విన్నారు. ఆమె మర్చిపోయి ఉంటుంది.

అసలు అవమానం కోల్డ్ స్టోరేజీలో జరిగింది.

ఆవరణ వెనకాల రెండు మరుగుదొడ్డి గదులున్నాయి, ఒకటి మగవాళ్ళకు, ఒకటి ఆడవాళ్ళకు. ఆడవాళ్ళ గది తాళం చెవి మేనేజరు బల్ల సొరుగులో ఉంటుంది. అందరి ముందూ అడిగి తీసుకోవాలి. ఆ రోజు నాలుగు బస్తాలు విప్పి చూపించాను. బయల్దేరేముందు వెళ్ళి రావాలని తాళం చెవి అడిగి తీసుకున్నాను. గది తలుపు పక్కన ఒక సింకు ఉంది, దాని పంపులో చుక్క నీళ్ళు రాలేదు. నాకేం భయం? సంచిలో శానిటైజరు ఉంది. రెండు చేతులకూ వేళ్ళ సందుల్లో కూడా పట్టించి, ఆరేదాకా ఊపి, క్రిమి అన్నది లేదనుకుని లోపలికి వెళ్ళాను.

మిరప పండించే ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు, కాయ ముట్టిన చేత్తో కన్ను ముట్టకూడదు, ఒళ్ళు ముట్టకూడదు. దొడ్డి లోపలికి వెళ్ళే ముందే చేతులు కడుక్కోవాలి. నేను ముప్పై ఏళ్ళుగా కడుక్కుంటున్నాను. ఆ రోజు ఆ సీసాను నమ్మాను. క్రిములు పోయాయేమో గాని, గోళ్ళలో ఉన్న కారాన్ని ఆ మందు కరిగించి చెయ్యంతా పరిచింది. తర్వాత ఏం జరిగిందో రాయను. గోడ పట్టుకుని నిలబడ్డాను, అంతే.

బయటికి వచ్చిన నా నడక చూసి రేకుల షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళకు అర్థమైపోయింది. ముందు నవ్వారు. వాళ్ళలో ఒకామె, నలభై ఏళ్ళుంటాయేమో, సన్నగా ఉంటుంది, లేచి వచ్చింది. బొడ్లో సంచిలోంచి చిన్న కొబ్బరినూనె సీసా తీసి నా చేతుల్లో వంచింది.

"ముందు నూనె, తర్వాత సబ్బు. ఒట్టి నీళ్ళు పోస్తే మంట ఇంకా పాకుద్ది" అంది. తన క్యానులో నీళ్ళతోనే కడిగించింది. గేటు బయట కొట్లో పెరుగు పొట్లం కొనుక్కొచ్చి, నన్ను మళ్ళీ ఆ గదిలోకి పంపి, బయట నిలబడింది. "మిరపచేలో పుట్టిన మనిషివి, నీకు నేను చెప్పాలా అమ్మా?" అని మాత్రం అంది.

ఆమె అన్నది నాకు బాధ కలిగించలేదు, అది నిజం కాబట్టి. నేను తాళం చెవి తిరిగి ఇచ్చేటప్పుడు మేనేజరు అక్కడ కూర్చున్న ఇద్దరు వ్యాపారులతో నాకు వినబడేట్టు అన్న మాట వేరు. "దొడ్డికి పోతూ సెంటు పూసుకుంటే మంట పుట్టదా అండీ మరి!"

ఇంటికి చేరగానే అర్జీ రాశాను. తలుపు పక్కన పంపు బాగుచేయించాలి, సబ్బు పెట్టాలి, కాయలు ముట్టినవాళ్ళు లోపలికి వెళ్ళేముందు కడుక్కోవాలి కాబట్టి. తర్వాతిసారి చేతికిచ్చాను. మేనేజరు నిలబడే చదివాడు.

"వాడాక కడుక్కోడానికి లోపల బకెట్టుందిగా మేడం. వెళ్ళేముందు ఎవరన్నా కడుక్కుంటారా?"

గోడ మీద బొమ్మలతో ఉన్న కాగితం చూపించాడు. వాడిన తర్వాత చేతులు శుభ్రం చేసుకోవాలని అందులో ఉంది. నేను కాదనలేదు, తర్వాత కూడా కడుక్కోవాలి, ముందు కూడా కడుక్కోవాలి అన్నాను. ఆయనకు ఎక్కలేదు. ఇక్కడికి రాకముందు వాడరేవులో ఐసు ఫ్యాక్టరీ చూసేవాడట. చేప ముట్టినవాళ్ళు తర్వాత కడుక్కుంటే సరిపోతుంది. ఇక్కడ రెండేళ్ళనుంచీ కంప్యూటరు ముందే కూర్చున్నాడు గాని ఒక్క కాయ తుంచి ఎరగడు. పంపు ఎందుకు కట్టేశారంటే లారీల వాళ్ళు స్నానాలు చేస్తున్నారట. లారీవాళ్ళు స్నానం చేస్తే నాకెందుకు శిక్షో ఆయన చెప్పలేదు.

రెండో అర్జీ యజమానికి పోస్టులో పంపాను. అది తిరిగి తిరిగి మేనేజరు బల్ల మీదికే వచ్చింది. నేను వెళ్ళేసరికి దాని మీద టీ గ్లాసు పెట్టి ఉంది. ఆ గుండ్రటి మరక నా సంతకం మీద పడింది.

ఈలోగా నేను చేసిందేమిటంటే, స్టోరేజీకి వెళ్ళే రోజు మళ్ళీ నీళ్ళు మానేశాను. ఆ గది తలచుకుంటేనే ఒళ్ళు భగ్గుమనేది. రెండు ప్రయాణాలు అలా చేశాక నడుం పక్కన మళ్ళీ సన్నగా మొదలైంది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళలేదు. ఏమంటుందో తెలుసు.

మూడో అర్జీకి సంతకాలు పెట్టిద్దామని తొడిమల షెడ్డులోకి వెళ్ళాను. ముందు నాకు నూనె ఇచ్చినామెనే అడిగాను. ఆమె కాగితం వైపు చూడనైనా లేదు.

"ఆ గదికి పంపొస్తే మాకేందమ్మా? మాకు తాళం ఇయ్యరుగా."

ఆ గది రైతులకూ వ్యాపారులకూనట. కూలివాళ్ళు గోడ అవతల ప్రత్తి చేలోకి వెళ్తారట. చేను ఏపుగా ఉన్నన్నాళ్ళూ పర్వాలేదు. ప్రత్తికట్టె పీకేశాక మళ్ళీ పంట ఎదిగేదాకా అక్కడ మరుగు లేదు. అప్పుడేం చేస్తారని అడిగాను. పొద్దున ఇంటి దగ్గర వెళ్ళొస్తే మళ్ళీ సాయంత్రం ఇంటికి పోయాకేనట. నీళ్ళు తాగరట. ఆ కాయల ఘాటులో, ఆ రేకుల కింద, పొద్దంతా.

మాట్లాడుతూ లేవబోయి ఆమె నడుం పక్కన అరచెయ్యి అదిమి పెట్టుకుంది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టిందో నాకు బాగా తెలుసు. జ్వరం వస్తోందా అంటే వచ్చి పోతోందంది. నాకు డాక్టరమ్మ చెప్పినదంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. నీళ్ళు తాగమన్నాను, ఆపుకోవద్దన్నాను. ఆమె చేతిలో కాయ తొడిమ తుంచి గంపలో వేసింది.

"తాగితే ఏడకి పోవాల?"

నాకు కోపం వచ్చింది. మేనేజరు మీద, డాక్టరమ్మ మీద, నా మీద. ఒంగోలులో నేను అడగాల్సిన మాట అది. అడగకుండా తలూపి, మందులు తీసుకుని వచ్చాను. మూడో అర్జీలో ఒక వాక్యం చేర్చాను, ఆడవాళ్ళ గదికి పగలంతా తాళం ఉండకూడదని. షెడ్డులో పదకొండు మంది పేర్లు రాసి ఇచ్చారు.

మేనేజరు దాన్ని చూసి, "కూలోళ్ళను ఎగదోస్తున్నారా మేడం?" అన్నాడు. సొరుగులో పడేశాడు.

తర్వాత ధర బాగా కదిలిన రోజున వెళ్ళాను. ముగ్గురు వ్యాపారులు వచ్చారు, మా బస్తాలు వరసగా తీసి పెట్టారు. మేనేజరు, "విప్పండి మేడం" అన్నాడు. నేను విప్పలేదు. అతని బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చేతులు కడుక్కునే పంపు వచ్చి, ఆ తాళం పోయేదాకా నా బస్తాలో చెయ్యి పెట్టనన్నాను. ఇంటినుంచి తెచ్చుకున్న సీసా మూత తీసి నీళ్ళు తాగడం మొదలుపెట్టాను.

మా ఆయనకు ఎవరు చెప్పారో, ఫోను వచ్చింది. "బేరం పోద్దే, పంపు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. పెట్టేశాను. ఒక వ్యాపారి విసుక్కుని వెళ్ళిపోయాడు. మంచి ధర చెప్పేవాడు అతనే. ఇంకొకరు బయట సిగరెట్టు వెలిగించారు. మూడో ఆయన పెద్దవాడు. ఏమిటమ్మా గొడవని అడిగి, అంతా విని, మేనేజరు వైపు తిరిగాడు.

"పంపేయించవయ్యా, ఆ తాళం కూడా తీయించు. మేం కూడా అరచెయ్యి మండుతూ అన్నం తింటన్నాం."

మేనేజరు వెంటనే ఎవరికో ఫోను చేశాడు. నేను రాసిన మూడు కాగితాలు, పదకొండు పేర్లు చేయని పని ఆ పెద్దమనిషి ఒక్క మాట చేసింది. పని అయినందుకు నేను సంతోషించాలని అందరూ అంటారు. సంతోషించాను. అది నా మాటకు కాలేదన్నది మాత్రం మర్చిపోను.

ఆ రోజు బస్తాలు విప్పకుండానే వచ్చేశాను. రెండు వారాలకు వెళ్తే సింకులో నీళ్ళు వస్తున్నాయి, సన్నగా. సబ్బు ముక్క దారానికి కట్టి ఉంది. గదికి తాళం లేదు. తాళం తీసేటప్పుడు లోపలి గొళ్ళెం కూడా పీకేశారు, తలుపు వేస్తే దానంతటదే తెరుచుకుంటోంది. ఇలాంటిది చేయడానికి కూడా ఒక తెలివి కావాలి.

నడుం నొప్పి తగ్గలేదు. బస్సులో సగం సీసా తాగి వచ్చాను, మిగతా సగం అక్కడ తాగాలి. తాగలేక నిలబడి ఆ తలుపు వైపు చూస్తున్నాను. తొడిమలు తీసే ఆమె చేతులకు నూనె రాసుకుంటూ వచ్చింది. సబ్బుతో మోచేతుల దాకా కడిగింది, వాసన చూసుకుంది, మళ్ళీ కడిగింది. నా చేతిలో సీసా చూసి, "ఇటియ్యమ్మా" అంది. మూతి తగలకుండా ఎత్తి పోసుకుని గడగడా తాగేసింది. చివరి చుక్క దాకా.

"అయిపొయ్యాయి" అంది, సీసా తిరిగి ఇస్తూ.

గేటు బయట కొట్లో ఇంకో సీసా కొనుక్కొచ్చి అక్కడే తాగాను. కాసేపటికి ఆమె లోపలికి వెళ్ళింది, నేను తలుపు పట్టుకున్నాను. తర్వాత నేను చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాను, ఆమె పట్టుకుంది. నేల తడిగానే ఉంది. ఊపిరి బిగబట్టాను. బయట మేనేజరు గొంతు వినబడింది, పని మానేసి ఇక్కడేం చేస్తున్నావని ఆమెను అడుగుతున్నాడు. ఆమె తలుపు సందులోంచి నాతో అంది.

"నువ్వు కానియ్యమ్మా. నేను కదల్ను."