శాంతమ్మ పాటలోంచి గంజిని తీసేశారు

మా డోన్ క్రైస్తవ సంఘానికి కొత్త పాటల పుస్తకాలు వచ్చిన ఆదివారమే ఈ ప్రయాణం మొదలైంది. మేము ఎన్నో ఏళ్లుగా పాడుకునే పాట ఒకటి అందులో ఉంది. స్వరం రాసినవారి పేరు పెద్ద అక్షరాల్లో వేసి, రచన దగ్గర మాత్రం ‘అజ్ఞాత భక్తుడు’ అని అచ్చేశారు. ఆ పాట కట్టింది ఆళ్లగడ్డ శాంతమ్మ పెద్దమ్మ. మా అమ్మ పెళ్లికి ముందు ఆమెతో కలిసి చేలో కలుపు తీస్తూ నేర్చుకున్న పాట అది. ఆమె ఇంకా బతికే ఉంది. బతికున్న మనిషిని అజ్ఞాతం చేసింది చాలక మగవాణ్ణి కూడా చేశారు. ఆ రోజు ప్రసంగం నా చెవికెక్కలేదు.

సోమవారం పొద్దున ఆరున్నరకు రైలెక్కి, తొమ్మిదిన్నర దాటాక నంద్యాలలో దిగాను. జట్కాకు నాలుగణాలు. పుస్తకం కూర్చిన పాదిరి అయ్యగారు తమ ఇంటి వరండాలో కాఫీ తాగుతున్నారు. శాంతమ్మ పేరు ఎందుకు వేయలేదని అడిగాను.

“ఆమెకు చదువు రాదు కదప్పా. భాష దిద్ది, స్వరం రాసింది మేము. కూలికి పోయే ఆమె పేరు యాడ వేస్తాం?” అన్నారు.

“పాట యాడ దొరికిందో పేరూ ఆడనే దొరికేది కదా అయ్యగారూ!”

మళ్లీ అచ్చేసినప్పుడు చూద్దామన్నారు. ఎప్పుడని అడిగితే నవ్వారు. పుస్తకం చంకన పెట్టుకుని బస్టాండుకు నడిచాను.

పదకొండు గంటల బస్సులో ఆళ్లగడ్డకు పన్నెండణాలు. నా మొహం చూసి కండక్టరు, “ఏందన్నా, ఎవురితో కొట్లాడొస్తాండావ్?” అన్నాడు.

“పాట దొంగిలించినోళ్లతో.”

“పాట గూడా దొంగిలిస్తారా?” అంటూ టికెట్టు చించిచ్చాడు.

ఉలుల చప్పుడు వినిపించే శిల్పుల వీధి దాటితే పెద్దమ్మ ఇల్లు. చేట ముందు పెట్టుకుని శనక్కాయలు ఒలుస్తోంది. సంగతి చెప్పి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పాడాను. రెండో చరణంలోనే చెయ్యెత్తి ఆపింది.

“నా పేరు లేకుంటే పాయె నాయనా. గంజి యాడికి పాయె?”

ఆమె కట్టింది ‘గంజి లేని గుడిసెకు నడిచొచ్చినావా స్వామీ’ అని. పుస్తకంలో ‘కరుణతో మా గృహమున వెలసిన ప్రభువా’ అయింది. పేరు పోయిందన్న కోపంలో నేను ఆ మార్పును పట్టించుకోనే లేదు.

“కరువులో నా బిడ్డ ఆకలికి పోయిన దినం కట్టినా ఆ మాట. దాన్ని దిద్దేకి వాళ్లెవురు?” చేటను పక్కకు నెట్టింది. “రాసుకో. నేను చెప్పిందే రాయి.”

పుస్తకంలో ఉన్నవి మూడు చరణాలు. ఆమె ఐదు పాడింది. సాయంత్రం నంద్యాలలో దిగి, వాటి నకలు అయ్యగారి బల్ల మీద పెట్టాను. చదవకుండానే పుస్తకం కింద తోసేశారు. మళ్లీ ఆదివారం డోన్‌లో ముందు ఆమె పేరు చెప్పి, పుస్తకాలు మూసి, ఐదు చరణాలూ పాడాం. గంజి మాట వచ్చినప్పుడు ఆడవాళ్ల గొంతులు ఒక్కసారిగా పెరిగాయి.

నేను బయల్దేరింది ఆమె పేరు కోసం. ఆమెకు కావలసింది బిడ్డను తలుచుకుని కట్టిన ఆ ఒక్క మాట. స్వరం రాసినవారి శ్రమను నేను కాదనను. కానీ ఆకలిని మోటుమాట అని కొట్టేసే చదువు మీద నా కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు. మీరూ పాటల కోసం ఇటు వస్తే ముందుగా ఆళ్లగడ్డకే వెళ్లండి, నంద్యాలకు తర్వాత వెళ్లొచ్చు. కట్టినవాళ్ల నోట విన్నాకే పుస్తకం తెరవండి.